వెన్నెల నెలల్లో గాలి

మద్రాసు రేవుకు ఒకప్పుడు అడ్డుగోడలు లేవు. ఓడలు ఒడ్డుకు ఎడంగా, బయటి సముద్రంలోనే లంగరేసుకుని నిలబడేవి. కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీద ఎగిరిపడుతూ మనుషుల్నీ మూటల్నీ ఒడ్డుకు చేర్చేవి. అక్కడ ఏటా అక్టోబరు 15 రాగానే సెయింట్ జార్జి కోట జెండాకొయ్యను దించేసేవారు. మళ్లీ నిలబెట్టేది డిసెంబరు 15కి. కొయ్య కనిపించలేదంటే ఆ రేవులో ఓడలు ఆగగూడదని అర్థం. రెండు నెలలకు సరిపడా ఒకే ఒక్క గాలి సూచన అది. బారోమీటరు చూసి చెప్పింది కాదు, మబ్బు చూసి చెప్పిందీ కాదు, తేదీ చూసి చెప్పింది. ఇవాళ పలకకు తెరచాప బిగించుకుని నీళ్ల మీద పరుగులు తీసే విండ్‌సర్ఫర్ పొద్దున్నే ఫోను తెరిస్తే, గాలి ఎంత, ఎటునుంచి, నడుమ విసురు ఎంత అన్నది పూట పూటకీ రంగురంగుల గళ్లలో కనిపిస్తుంది. ఆ గళ్లలో రెండు వరుసలు ముఖ్యం. ఒకటి సగటు గాలి, రెండోది విసురు. కోట జెండాకొయ్య నుంచి ఈ రెండు వరుసల దాకా సాగిన దారిని చూస్తే, గాలిని ముందుగా చెప్పే విద్యకు ఎదుగుదల వచ్చింది సగటును లెక్కగట్టడం వల్ల కాదనిపిస్తుంది. సగటును నమ్మకూడని రుతువు ఒకటుందని గ్రహించడం వల్ల వచ్చింది. ఆ రుతువు శరత్తు. ఆ పాఠం చెప్పిన బడుల్లో మన కోస్తా తీరం ఒకటి. అక్కడ చెల్లించిన రుసుము చాలా ఎక్కువ.

మన సాహిత్యానికి ఈ మాట రుచించదు. శరత్తు అనగానే మనకు తోచేది కడిగిన ఆకాశం, తెల్లమబ్బు పింజలు, తేటపడిన ఏటినీరు, వెన్నెల. నన్నయ భారతంలో రాసిన చివరి పద్యం శరద్రాత్రుల వర్ణనే అని పండితులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆయన కూర్చుని రాసింది రాజమహేంద్రవరంలో. గాలివానకూ ఉప్పెనకూ పేరుపడ్డ కోరంగి అక్కడికి డెబ్భై కిలోమీటర్ల లోపే ఉంది. కావ్యశాస్త్రంలో స్థిరపడిన శరత్తు ఉత్తరాది మైదానాల శరత్తు. నైరుతి రుతుపవనం తిరుగుముఖం పట్టాక గంగాతీరంలో ఆకాశం నిజంగానే తేటపడుతుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో వేరే కథ మొదలవుతుంది. ఆ వర్ణన మనకు అరువు వచ్చిందని, నన్నయకు తన తీరం తెలియదని దీన్నిబట్టి తేల్చెయ్యవచ్చా? అంత తొందర తగదు. ఆశ్వయుజ కార్తీకాల్లోని అరవై రాత్రుల్లో ఎక్కువ రాత్రులు కోస్తాలో కూడా వెన్నెల రాత్రులే. గాలి ఆకు కదలనంత మెల్లగా ఉంటుంది. కవి చూసింది నిజం, ఆయన చెప్పింది సగటు. చిక్కంతా మిగిలిన ఆ ఒకటి రెండు రాత్రులతో.

ఇది మాటల గారడీ కాదు, గాలి నడిచే తీరే అంత. జులైలో నైరుతి గాలి దక్కన్ పీఠభూమి మీద వారాల తరబడి ఆగకుండా వీస్తుంది. హుస్సేన్ సాగర్‌లో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌ను జులైలో పెట్టుకునేది అందుకే. సైనికుల పడవలైనా పిల్లల చిన్న పడవలైనా ఆ నెలలో గాలి కోసం ఎదురుచూడనక్కర్లేదు. సగటు గాలి అంత బలంగా ఉన్న జులైలో బంగాళాఖాతంలో పెనుతుఫాన్లు పుట్టడం అరుదు. కింది పొరలో గాలి పడమటి నుంచి, ఎత్తున గాలి తూర్పు నుంచి వీస్తుంటాయి. నిలువునా లేవబోయే సుడిని ఆ రెండూ చెరో వైపు లాగి విరిచేస్తాయి. అక్టోబరు వచ్చేసరికి ఈ పెనుగులాట సడలుతుంది. నైరుతి వెళ్లిపోతూ ఉంటుంది, ఈశాన్యం ఇంకా నిలదొక్కుకోదు. సముద్రపు నీరు మాత్రం 28, 29 డిగ్రీల వేడితోనే ఉంటుంది. సుడికి అడ్డు తగిలేవాడు లేడు, పోషించే వేడి ఉంది. కాబట్టి గాలి ఎక్కువగా వీచే నెలలో గాలివాన పుట్టదు, గాలి పడిపోయిన నెలలో పుడుతుంది. సగటు వరుస ఒక మాట చెబితే విపరీతం దానికి సరిగ్గా ఎదురు చెప్పే చోటు ఇది. ఇలాంటి తీరంలో గాలి లెక్క కట్టేవాడు మొదటి రోజు నుంచీ రెండు లెక్కలు వేరువేరుగా కట్టాలి.

మన పూర్వులకు ఇదంతా తెలియకపోయిందా అని అడిగేవారున్నారు. తెలుసు. పల్లెల్లో ఏడాదిని నెలలతో కాక కార్తెలతో కొలిచారు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. విత్తడం, నాటడం, కోయడం, వలలు సర్దుకోవడం అన్నీ ఆ లెక్కలోనే. చిత్త, స్వాతి, విశాఖ, అనూరాధ అనే నాలుగు కార్తెలు అక్టోబరు రెండోవారం నుంచి నవంబరు చివరి దాకా పరుచుకుంటాయి. ఈ తీరాన్ని ఊడ్చేసిన గాలివానల తేదీలు చాలావరకు ఈ నాలుగు గళ్లలోనే పడతాయి. కోట జెండాకొయ్య కూడా తీరు మారిన కార్తె లెక్కే. అయితే తేదీలతో నడిచే జ్ఞానానికి ఒక లోపముంది. ఏ పదిహేను రోజులు ప్రమాదమో అది చెబుతుంది, ఈ ఏడు ఏ రోజు ప్రమాదమో చెప్పదు. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాధిపతి లా బూర్డొనేకు ఈ తీరం సంగతి బాగా తెలుసు. అక్టోబరు మధ్యకల్లా తెరచాప ఎత్తెయ్యాలని అతని లెక్క. పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లేకూ అతనికీ విడుదల సొమ్ము ఒప్పందం మీద తగవు తెగలేదు, రోజులు గడిచాయి. 13వ తేదీ రాత్రి గాలి లేచింది. తెల్లారేసరికి కొన్ని ఓడలు మునిగాయి, మిగిలినవాటికి కొయ్యలు విరిగాయి. గడువు ఇంకా దాటనేలేదు. రోజూ గాలిని అడగాల్సిన ప్రశ్నకు పంచాంగం ఏడాదికొకసారి జవాబు చెబుతుంది.

మరి సముద్రం మీద బతికే జాలర్లు? వాళ్లకు పంచాంగం కాక ఇంకో ఆధారం కూడా ఉంది. ఆకాశం నీలంగానే ఉంటుంది, గాలి లేదు, అయినా పొడుగాటి కెరటాలు నెమ్మదిగా, బరువుగా వచ్చి ఒడ్డును తాకుతాయి. దూరాన తిరుగుతున్న సుడి తోసిన నీరు సుడికంటే ముందు వస్తుంది. ఆ గుర్తు తెలిసినవాళ్లు పడవల్ని పైకి లాక్కునేవారు. ఈ తెలివిని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. అయినా దాని హద్దు ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. కెరటం చూసినవాడికి సుడి ఉందని తెలుస్తుంది. అది తనవైపే వస్తోందా, చెన్నపట్నం వైపు పోతోందా అన్నది ఒక్క రేవులో నిలబడి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒక మనిషి చూపు ఆనే మేరకంటే గాలివాన పెద్దది.

ఈ హద్దు ఎంత కఠినమైనదో కోరంగి చూపించింది. గోదావరి పాయ ఒడ్డున ఓడలు కట్టే రేవుగా దానికి పేరు. 1789 డిసెంబరులో అక్కడ మూడు పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మొదటిది రేవులోని ఓడల్ని ఒడ్డెక్కించింది, తర్వాతివి ఊరిని ముంచేశాయి. యాభై ఏళ్లకు, 1839 నవంబరు 25న, మళ్లీ అలాంటిదే వచ్చింది. ఆ రెండోసారి మూడు లక్షల మంది చనిపోయారనీ ఇరవై వేల పడవలు పోయాయనీ ప్రపంచ విపత్తుల జాబితాలు ఇప్పటికీ రాస్తుంటాయి. ఆ అంకెల్ని నేను నమ్మను. ఒకరి రాతలోంచి ఇంకొకరి రాతలోకి ఎక్కుతూ వచ్చిన గుండ్రటి అంకెలవి. కోరంగి ఒక చిన్న రేవు. అంకె తగ్గినంత మాత్రాన దెబ్బ తగ్గదు, కోరంగి ఓడరేవుగా మునుపటిలా మళ్లీ నిలబడలేదు. ఆ రెండు గాలివానల నుంచి మిగిలిన పనికొచ్చే వస్తువు మరొకటి ఉంది. అది కలకత్తాలో ఒక మనిషి చేతిలో తయారైంది.

హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో ఓడల వ్యవహారాలు విచారించే మెరైన్ కోర్టుకు అధ్యక్షుడు. గాలివానలో చిక్కి బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించుకోవడం అతనికి పిచ్చి. ఏ గంటకు గాలి ఎటునుంచి, బారోమీటరు ఎంత, ఓడ ఎక్కడ అన్న వివరాలన్నీ పటం మీద పరిచేవాడు. 1839 నాటి కోరంగి గాలివాన అతను మొదట్లో అలా విప్పి చూసినవాటిలో ఒకటి. 1848లో నావికుల కోసం అచ్చేసిన పుస్తకంలో, పాము చుట్టను గుర్తుచేసే గ్రీకు మాట నుంచి ‘సైక్లోన్’ అన్న పేరు పెట్టింది అతనే. ఆ పుస్తకంతో పాటు వాడుకోవడానికి కొమ్ముతో చేసిన పల్చటి పలకలుండేవి, వాటిలోంచి కింది పటం కనిపించేది. పలక మీద ఒకదానిలో ఒకటి వలయాలు, వలయాల వెంట గాలి తిరిగే దిక్కు చూపే బాణాలు. నావికుడు తన ఓడ ఉన్నచోట పలకను పటం మీద ఆనించి, తనకు తగులుతున్న గాలి దిక్కుకు సరిపోయే బాణం ఆ చుక్క మీదికి వచ్చేదాకా జరుపుతాడు. అప్పుడు పలక నడిబొడ్డు ఎక్కడ నిలిస్తే సుడి కేంద్రం దాదాపు అక్కడ. గంట ఆగి మళ్లీ పెడితే అది ఎటు కదిలిందో తెలుస్తుంది. పలక లేనివాడికి కూడా ఒక బండ గుర్తు చాలు. మన వైపు అర్ధగోళంలో గాలికి ఎదురుగా మొహం పెట్టి నిలబడితే కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది.

ఈ పలకను మన తీరం మీద ఆనించి చూస్తే గాలివాన నైజం మొత్తం విడిపోతుంది. సముద్రం నుంచి సుడి పడమరగా వస్తున్నప్పుడు తీరం మీద మొదట తగిలేది ఉత్తరపు గాలి, లేదా ఈశాన్యపు గాలి. అది క్రమంగా తూర్పుకు, ఆపైన ఆగ్నేయానికి తిరిగితే కేంద్రం మనకు దక్షిణంగా దాటుతోందన్నమాట. అప్పుడు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఉప్పెన మన వాటా. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరిగితే కేంద్రం మనకు ఉత్తరంగా పోతోందని గుర్తు. అప్పుడు గాలి నేల నుంచి సముద్రంలోకి కొడుతుంది, నీరు వెనక్కి తగ్గుతుంది. ఒకే తుఫాను, ఒకే వేగం. యాభై కిలోమీటర్ల తేడాతో ఉన్న రెండు ఊళ్లలో ఒక ఊరికి పెంకులు లేస్తాయి, రెండో ఊరు మొత్తం పోతుంది. ఇక్కడ పనికొచ్చేది గాలి ఎంత అన్న అంకె కంటే అది ఎటు తిరుగుతోంది అన్న కదలిక.

పిడింగ్టన్ 1858లో చనిపోయాడు. కలకత్తా దగ్గర మాతలా నది మీద కొత్త రేవు కట్టొద్దని, గాలివాన నీరు దాన్ని తుడిచిపెడుతుందని 1853లోనే రాశాడు. వినలేదు, పోర్ట్ కానింగ్ కట్టారు. 1867 నవంబరులో సముద్రం దాన్ని ముంచేసింది. అంతకు మూడేళ్ల ముందే, 1864లో, నెల తిరగకుండా రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబరు 5న కలకత్తా. హుగ్లీ వెంట ఉప్పెన పైకెక్కి యాభై వేల దాకా ప్రాణాలు తీసింది. నవంబరు 1న మచిలీపట్నం. స్వాతి కార్తె రాత్రి, పోటు హద్దుకు పదమూడు అడుగుల ఎత్తున సముద్రం బందరు మీదికి వచ్చింది. సుమారు ముప్ఫై వేల మంది పోయారు. కలకత్తా తుఫాను మీద హెన్రీ బ్లాన్‌ఫర్డ్, గాస్ట్రెల్ కలిసి విచారణ నివేదిక రాశారు. 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ పుట్టినప్పుడు దాని పగ్గాలు పట్టింది ఆ బ్లాన్‌ఫర్డే. శాఖ తన పుట్టుకకు కారణాలు చెప్పుకునేటప్పుడు కలకత్తా తుఫానును, ఆ తర్వాతి వానల కరువుల్ని తలుచుకుంటుంది. బందరు పేరు అంత తరచుగా వినిపించదు. రాజధాని మునిగితే విచారణ, జిల్లా పట్నం మునిగితే గెజెటీరులో ఒక పేరా.

గాలి సూచన మన దగ్గర పుట్టలేదని, అది ఇంగ్లండులో పుట్టి తర్వాత ఇక్కడికి వచ్చిందని ఎవరైనా అనవచ్చు. నిజమే. డార్విన్ ఎక్కిన బీగిల్ ఓడకు కెప్టెనుగా పనిచేసిన రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ 1854 నుంచి లండనులో వాతావరణ విభాగం నడిపాడు. రేవులకు టెలిగ్రాఫ్ మీద గాలి హెచ్చరికలు మొదలుపెట్టింది 1861 ఫిబ్రవరిలో, పత్రికలో రోజువారీ సూచన వేయించింది అదే ఏడు ఆగస్టులో. అయితే అతన్ని అందుకు పురికొల్పింది ఏమిటో చూడండి. 1859 అక్టోబరు 25 రాత్రి ఆస్ట్రేలియా బంగారం మోసుకొస్తున్న రాయల్ చార్టర్ ఓడ వేల్స్ తీరంలో రాళ్లకు కొట్టుకుని, సుమారు 450 మందితో మునిగింది. అక్కడా అక్టోబరే. అట్లాంటిక్‌లోనూ ఎండాకాలం వెళ్లి చలికాలం రాబోయే ఆ సందులోనే గాలి సగటుకు లొంగకుండా పోతుంది. ఫిట్జ్‌రాయ్ 1865లో ప్రాణం తీసుకున్నాక పండితులు అతని పద్ధతికి శాస్త్రీయత లేదన్నారు, 1866లో హెచ్చరికలు ఆపించారు. మరుసటేడే మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రేవుల్లోని జనానికి అవి కావాలి. వాళ్లు సూచన తప్పవుతుందని భయపడలేదు, సూచన లేకపోవడానికి భయపడ్డారు. రెండు తీరాల్లోనూ ఈ విద్యను లాక్కొచ్చింది శరత్తే అని నేననేది అందుకే.

మన తీరంలో దీనికి నమ్మకంగా కాపు కాసినవారున్నారు. విశాఖపట్నంలో 1840 ప్రాంతంలో గోడె వెంకట జగ్గారావు తన సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపించాడు. గ్రహణాలు, తోకచుక్కలు చూడటంతో పాటు వానా గాలీ లెక్కలు క్రమం తప్పకుండా రాశాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీది జెండాకొయ్య నుంచి ఊరికీ ఓడలకీ సమయం తెలిపే ఏర్పాటు కూడా ఆ కుటుంబం చలవే. మద్రాసు కొయ్య తేదీని చెప్పింది, ఈ కొయ్య గంటను చెప్పింది. మధ్యలో టెలిగ్రాఫ్ తీగ వచ్చింది. ఒక రేవులో గాలి తిరిగిన సంగతి తీగ మీద పక్క రేవుకు గాలికంటే ముందు చేరగలిగింది. ఒక్క రేవులో నిలబడినవాడికి సుడి ఎటు పోతుందో తెలియదన్న ఆ పాత హద్దు అప్పుడు చెరిగింది.

రేవుల్లో ఇప్పటికీ ఎగరేసే ప్రమాద సూచికల్లో ఈ చరిత్రంతా ముడిపడి ఉంది. ఒకటి నుంచి 11 దాకా ఉన్న వాటిలో మొదటి రెండూ దూరాన సముద్రంలో ఏదో ఉందని చెబుతాయి. మూడు, నాలుగు రేవుకే హెచ్చరిక. అయిదు నుంచి పది దాకా ఉన్నవి చిత్రమైన వరుస. అయిదో నంబరు అంటే తుఫాను రేవును తన దారికి ఎడమవైపు ఉంచుకుని దాటుతుందని, ఆరు అంటే కుడివైపని, ఏడు అంటే రేవు మీదుగానో ఆనుకునో పోతుందని. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అవే దిక్కులు, గాలివాన మాత్రం మరింత పెద్దది. అంటే పిడింగ్టన్ కొమ్ముపలకే రేవు కొయ్య మీదికి ఎక్కింది. మన పత్రికలు ‘ఆరో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని పెద్దక్షరాల్లో వేస్తాయి, పాఠకుడు అయిదుకంటే ఆరు పెద్దది అనుకుని మరికాస్త భయపడతాడు. అయిదు, ఆరు, ఏడు తోబుట్టువులు. వాటి మధ్య తేడా కుడి ఎడమలదే. ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసే విలేఖరి అరుదు. అన్నిటికంటే నన్ను ఆకట్టుకునేది 11. హెచ్చరికల కేంద్రంతో సంబంధం తెగిపోయింది, అయినా వాతావరణం చెడబోతోందని ఇక్కడి అధికారి అనుకుంటున్నాడు అని దానర్థం. ఎక్కణ్నుంచీ మాట రాకపోవడం కూడా ఒక సమాచారమని ఈ వ్యవస్థను కట్టినవాళ్లకు తెలుసు.

ఇంత ఏర్పాటు ఉన్నా 1977 నవంబరు 19న దివిసీమ మునిగింది. విశాఖపట్నంలో 1970 నుంచే తుఫాన్లను పసిగట్టే రాడారు పనిచేస్తోంది. ఆకాశవాణిలో హెచ్చరికలు వినిపించాయి. తుఫాను తీరం దాటింది దివిసీమకు నైరుతిగా. అంటే దివిసీమ దాని దారికి కుడివైపు, సముద్రం నేల మీదికి తోసుకొచ్చే వైపు పడింది. అయిదారు మీటర్ల ఉప్పెన వచ్చింది, అధికారిక లెక్కలోనే పదివేల ప్రాణాలు పోయాయి. గాలి సూచనంటూ ఉన్నాక ఇలా ఎందుకైంది? గాలివాన అన్న మాట విన్నవాడు పైకప్పుకు తాడు కడతాడు. ఉప్పెన అని విన్నవాడైతేనే ఇల్లు వదిలి ఎత్తుకు పోతాడు, పోవడానికి ఒక ఎత్తు ఉంటే. ఆ లంకల్లో తాటిచెట్టు కంటే ఎత్తైనది లేదు. తర్వాతి ఏళ్లలో తీరం వెంట లేచిన తుఫాను షెల్టర్లు ఆ లోటుకు సిమెంటుతో రాసిన జవాబులు. గాలి వేగం మాత్రమే చెప్పే సూచన సగం సూచనే అని అప్పటికి గాని తలకెక్కలేదు.

మే నెల సంగతేమిటి అన్న ప్రశ్న ఇక్కడ రాక తప్పదు. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గర దాటిన తుఫాను చిన్నదేమీ కాదు, చనిపోయినవాళ్లు వెయ్యికి దగ్గరగా ఉన్నారు. శరత్తు ఒక్కటే దోషి ఎలా అవుతుంది? నా లెక్కలో మే కూడా ఈ వాదనకు సాక్షే. అదీ రెండు రుతుపవనాల నడుమ సందే, అప్పుడూ సగటు ఒకటి, విపరీతం ఇంకొకటి. తేడా ఏమిటంటే వేసవి చివర అందరి కళ్లూ ఆకాశం మీదే ఉంటాయి. వాన ఎప్పుడా అని చూస్తుంటారు. శరత్తులో వాన వెళ్లిపోయిందనుకుంటాం. వరి వెన్ను మీద ఉంటుంది, దసరా దీపావళి ముంగిట ఉంటాయి, రాత్రిళ్లు హాయిగా ఉంటాయి. ఏమరుపాటుకు అంత అనువైన కాలం ఏడాదిలో మరొకటి లేదు.

ఇప్పుడు ఆ పలక మీది ఆటగాడి దగ్గరికి వద్దాం. అమెరికాలో 1960లలో రూపు దిద్దుకుని, 1984లో ఒలింపిక్స్‌కు ఎక్కిన ఆట విండ్‌సర్ఫింగ్. గంటకు పాతిక ముప్ఫై కిలోమీటర్ల గాలి దొరికితే పలక నీటిని కోయడం మానేసి నీటి మీద జారడం మొదలుపెడుతుంది, ఆటలో రుచి అక్కడే. యూరపులో ఈ ఆటగాళ్లు శరత్తు కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తారు. అక్కడ సెప్టెంబరు దాటాకే అట్లాంటిక్ గాలి పుష్కలం. వాళ్ల కోసమే పుట్టిన సైట్లలో పేరుపడ్డ విండ్‌గురు చెక్ దేశానిది, సముద్రం లేని దేశం. వెనక ఉన్న లెక్కల్లో ప్రధానమైనవి అమెరికా ప్రభుత్వం ఉచితంగా విడుదల చేసే గాలి నమూనావి. ఆ సూచనలో సగటు కింద విసురును వేరే వరుసగా పెట్టడం కంటికి చిన్న సంగతి. తెరచాప మీద గాలి పెట్టే బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది, వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. సగటు 28 ఉండి విసురు 56 అయితే సగటుకు సరిపోయే తెరచాప వేసుకున్నవాడు గాల్లోకి లేస్తాడు. ఓడ కెప్టెనుకు ప్రాణం మీదికి వచ్చిన ఆ తేడా ఇప్పుడు తెరచాప కొలత ఎంచుకోవడానికి పనికొస్తోంది.

ఈ పోలిక మరీ సాగదీసిందని, పొద్దుపోక ఆడే ఆటకూ ఉప్పెనలో పోయిన ప్రాణాలకూ ముడిపెట్టడం మర్యాద కాదని అభ్యంతరం రావచ్చు. బరువు ఒకటి కాదని నేనూ ఒప్పుకుంటాను. లెక్క మాత్రం ఒకటే. హైదరాబాదులో, చుట్టుపక్కల ఎక్కడా సముద్రపు కెరటం లేనిచోట, 1999లో స్థాపించిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ తీరమంతటికీ కెరటాల ఎత్తు, గాలి, పోటు సూచనలు పంపుతుంది. రుషికొండ దగ్గర పలక దించేవాడూ భీమిలిలో వల వేసేవాడూ చూసేది ఆ అంకెలే. ఎండ కాస్తుండగా దూరం నుంచి వచ్చే పొడుగాటి కెరటాలు ఒకరికి పండగ, ఇంకొకరికి పడవను పైకి లాగమన్న కబురు. విశాఖ అక్టోబరు గళ్లు మామూలు రోజుల్లో లేతరంగులోనే ఉంటాయి. పొద్దున నేల మీది నుంచి సన్నటి గాలి, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి కాస్త గాలి, అంతే. ఆటగాడికి ఆ పేజీ నిరాశ. వారం తర్వాతి గళ్లలో ఒకటి ఉన్నట్టుండి ఎర్రబడితే, అది నిజమవుతుందో లేదో చెప్పేంత శక్తి ఆ నమూనాలకు అన్నిసార్లూ ఉండదు. నమూనా గడి ఒక్కొక్కటీ ఎన్నో కిలోమీటర్ల వెడల్పు, దాని అంకె ఆ వెడల్పు మీది సగటే. సగటు మళ్లీ దొడ్డిదారిన లోపలికి వచ్చింది.

2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, సరిగ్గా ఏడాదికి 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద తీరం దాటాయి. రెండూ చిత్త కార్తెలోనే. రెండిటికీ దారి రోజుల ముందే తెలిసింది, లక్షల మందిని ముందుగానే ఎత్తుకు తరలించారు. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన తుఫానుకు పదివేల దాకా పోతే, ఈ రెండిట్లో చావుల లెక్క పదుల్లోకి దిగింది. హుద్‌హుద్ గాలి గంటకు 180 కిలోమీటర్లు, విండ్‌సర్ఫర్ కోరుకునే గాలికి బలంలో నలభై రెట్లు. పొద్దుటి నుంచి ఉత్తరపు గాలి చెట్లను వేళ్లతో పెళ్లగించింది, మధ్యాహ్నం వేళకు కేంద్రం నగరం మీదికి వచ్చి కాసేపు గాలి పడిపోయింది, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ లేచింది. ఆ కాసేపూ నగరం నిలబడి ఉన్నది పిడింగ్టన్ కొమ్ముపలక నట్టనడుమ, ఏ బాణమూ గీయడానికి లేని చోట.